మూడూళ్ల హాజరు

మా సేవా క్లబ్బులో హాజరుకు ఒక పద్ధతి ఉండేది. మన ఊరి సమావేశానికి పోలేకపోతే ఆ వారంలోనే ఇంకో ఊరి క్లబ్బుకు పోయి కూర్చోవచ్చు. అక్కడి కార్యదర్శి ఒక చీటీ మీద సంతకం చేసి ఇస్తాడు. అది తెచ్చి మన కార్యదర్శి చేతిలో పెడితే మనం హాజరైనట్లే. పనుల మీద ఊళ్లు తిరిగే వ్యాపారస్తుల కోసం పెట్టిన సౌకర్యం అది. నేను మా ఊరి సమావేశం ఒక్కటీ మానేవాడిని కాదు. అయినా చుట్టుపక్కల ఇంకో రెండూళ్లకూ పోయి చీటీలు తెచ్చుకునేవాడిని. ఇవెందుకయ్యా అని మా కార్యదర్శి నవ్వేవాడు.

బుధవారం సాయంత్రం హిందూపురం, అది నా సొంత క్లబ్బు. శనివారం సాయంత్రం ధర్మవరం. అక్కడి క్లబ్బులో చీరల కొట్టు పెద్దాయన ఒకాయన, కొట్టు మేడ మీద నాకు పడక వేయించేవాడు. ఆదివారం పొద్దున ప్యాసింజరెక్కి పెనుకొండలో దిగితే వాళ్లది టిఫిన్ల వేళ సమావేశం. ఇడ్లీ తింటూ కంటి శిబిరం గురించి, బడిపిల్లల పుస్తకాల గురించి వాళ్లు మాట్లాడుకునేవన్నీ విని, మధ్యాహ్నం బస్సుకు ఇల్లు చేరేవాడిని. అదంతా నా సేవాభావమని మూడూళ్లలోనూ అనుకున్నారు. సేవా లేదు, నా మొహమూ లేదు. ఇంట్లో ఉండలేక పోయేవాడిని.

తొంభైల చివరి సంవత్సరాలవి. నేను హిందూపురం మార్కెట్ యార్డులో సూపర్వైజర్ని. పొద్దంతా చింతపండు బస్తాలు, మిరపకాయల ఘాటు, మండీల వాళ్ల కేకలు. నాకు మొదటి నుంచీ ముక్కు మీదే కోపం. ఇంటికొస్తే ఎవరూ పలకరించకూడదు. నా భార్యకేమో మాటలు కావాలి. ఆమె మా మేనత్త కూతురు, గాండ్లపెంట దగ్గర పల్లెలో పదిమంది మధ్య పెరిగిన మనిషి. నేను చెప్పులు విడవక ముందే వీధిలో జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టేది. ఒకరోజు పక్కింటి ఆడవాళ్లు కూర్చుని ఉండగానే, "నువ్వు లేకపోతే ఈ ఇంట్లో మనిషి కాసేపు బతకొచ్చు" అన్నాను. ఆమె వాళ్లకు కాఫీ ఇచ్చి పంపింది. మరుసటి వారం జాతరకని పుట్టింటికి పోయింది, మళ్లీ రాలేదు.

మూడు నెలలకు ఒక కార్డు వచ్చింది. క్షేమ సమాచారాలు, వాన సంగతి, చివర ఒకే మాట, వచ్చి పిలుచుకొని పొమ్మని. ఆ కార్డు చదివి నేనేమనుకున్నానో ఇప్పుడు రాయాలంటే సిగ్గుగా ఉంది. పోయింది తను, దారి తెలిసిందీ తనకే, రావాల్సింది కూడా తనే అనుకున్నాను. మొగుణ్ని కదా, నేను పోయి గడపలో నిలబడాలా అనుకున్నాను. జవాబు రాయలేదు. ఇంకో కార్డు వస్తుందని మాత్రం ఎదురుచూశాను. రాలేదు.

అప్పుడు తెలిసింది, నేను కోరుకున్న నిశ్శబ్దం ఎట్లా ఉంటుందో. అన్నం వండుకుని తింటే నా నోటి చప్పుడు నాకే వినపడేది. రేడియో పెడితే ఒళ్లు మండేది, ఆపితే ఇంకా మండేది. అటువంటి రోజుల్లో యార్డు వర్తకుడొకాయన నన్ను క్లబ్బుకు తీసుకుపోయాడు. మొదటి సాయంత్రం ఇరవైమంది నా చెయ్యి పట్టుకుని పేరు అడిగారు. పక్కపక్కన కూర్చోబెట్టి భోజనం పెట్టారు. ఒకాయన తన విస్తట్లోంచి నా విస్తట్లోకి జాంగ్రీ వేశాడు. ఆ రాత్రి నాకు మంచి నిద్ర పట్టింది.

సభ్యత్వం ఫారంలో భార్య పుట్టినరోజు, పెళ్లిరోజు రాయాలి. రాశాను. అబద్ధమేమీ కాదు కదా, పెళ్లయితే అయింది. అయితే క్లబ్బుల్లో నెలకొకసారి కుటుంబాలతో విందు ఉంటుంది. మేడం రాలేదేమని అడిగారు. వాళ్లమ్మకు బాగాలేదు, చూసుకోవడానికి పోయిందన్నాను. ఆ నెలకు సరిపోయింది. పై నెల మళ్లీ అడిగారు. అట్లా మా అత్తను మంచాన పడేశాను. నాలుగేళ్లు లేవనివ్వలేదు. మోకాళ్లు పట్టేశాయన్నాను, ఒక పక్క పడిపోయిందన్నాను, లేపి కూర్చోబెడితే తప్ప కూర్చోలేదన్నాను. మూడూళ్లలోనూ ఒకే జబ్బు చెప్పాలి కాబట్టి గుర్తుంచుకోవడానికి తల ప్రాణం తోకకొచ్చేది.

అందరికంటే ధర్మవరం చీరల పెద్దాయన ఆ మాట మనసుకు పట్టించుకున్నాడు. నేను శనివారం రైలు దిగి కొట్టులోకి పోయేసరికి మగ్గాల వాళ్లు తెచ్చిన చీరలు మడతలు విప్పి చూస్తూ ఉండేవాడు. ముందు మా అత్త ఆరోగ్యం అడిగేవాడు, తరువాతే నా సంగతి. ఆమెది ఏ ఊరని అడిగితే పల్లె పేరు కూడా చెప్పాను. ఆయన భార్య నాకు పొద్దున రైల్లో తినడానికి ఉగ్గాని కట్టిచ్చేది. వాళ్ల క్లబ్బు వార్తల పత్రిక, నాలుగు పేజీలది, ప్రతి నెలా నాకొకటి పోస్టులో పంపేవాళ్లు. హిందూపురం మిత్రులు విచ్చేశారని అందులో నా పేరు ఉండేది. పెనుకొండ వాళ్ల పత్రికలోనూ ఉండేది. మూడూళ్ల పత్రికలూ టేబుల్ మీద పరుచుకుని నా పేరు వెతుక్కునేవాడిని. చూపించడానికి ఇంట్లో మనిషి లేదు. ఆమె ఉండి ఉంటే వీధంతా తిప్పి చూపించేది.

ఒక ఏడాది ఆ పెద్దాయన ధర్మవరం క్లబ్బుకు అధ్యక్షుడయ్యాడు. నడవలేనివాళ్లకు చక్రాల కుర్చీలు ఇవ్వాలని మూడు క్లబ్బులూ కలిసి నిధులు పోగుచేయాలనుకున్నాయి. ధర్మవరంలో ఒక ఆదివారం కల్యాణమండపంలో పాటకచేరీ పెట్టి టిక్కెట్లు అమ్మాలి. నాకు సాయంత్రాలు పనేముంది? చిలమత్తూరు దాకా పోయి టిక్కెట్లు అమ్ముకొచ్చాను. ఎక్కువ అమ్మింది నేనే, మూడూళ్లలో ఎక్కువ హాజరూ నాదే. కచేరీ రోజే నాకు సన్మానం అన్నారు.

మా క్లబ్బుల్లో సన్మానమంటే జంటగానే. భర్తకు శాలువా, భార్యకు చీర. ఈసారి మేడం రాకపోతే కుదరదని పెద్దాయన గట్టిగా చెప్పాడు. అత్త మంచం దిగే స్థితిలో లేదు, వదిలి రావడం కాదన్నాను. ఆయన తల ఊపి ఊరుకున్నాడు. ఒప్పుకున్నాడనుకున్నాను. మనసున్న మనిషి అంత తేలిగ్గా ఒప్పుకోడని నాకు తట్టలేదు.

ఆ ఆదివారం పొద్దున మండపం చేరేసరికి జనం నిండుగా ఉన్నారు. పెద్దాయన లేడు. కచేరీ సగమైంది, అప్పటికీ లేడు. వేదిక మీద మాట్లాడుతున్న కార్యదర్శి నన్ను ముందు వరుసలో చూసి, ఇంక దాచలేక మైకులో చెప్పేశాడు. మా అధ్యక్షుడు, ఆయన సతీమణి తెల్లవారుజామునే కారులో గాండ్లపెంట వైపు పోయారని, ఒక చక్రాల కుర్చీ సూపర్వైజరు గారి అత్తగారికి తీసుకుపోయారని, ఈ పూటకు సతీమణి అక్కడే రోగి దగ్గర తోడుంటుందని, సూపర్వైజరు గారి భార్యను కారులో తీసుకొస్తున్నారని. జనం చప్పట్లు కొట్టారు. నాకు తల కొట్టేసినట్లయింది.

లేచి పారిపోదామనుకున్నాను. అందరి కళ్లూ నా మీదే ఉన్నాయి. ఇంకొక సంగతి కూడా చెప్పాలి. అంత సిగ్గులోనూ ఒక మూల నాకు ఆశ పుట్టింది. వస్తుందేమో. ఊరివాళ్ల ముందు పెద్దమనుషులు పిలిస్తే కాదనలేక కారెక్కుతుందేమో. వచ్చి నా పక్కన నిలబడి చీర తీసుకుంటే, నేనేమీ మాట్లాడకుండానే అంతా సర్దుకుంటుందేమో. గంటసేపు వాకిలి వైపే చూశాను. పాటలు ఏం పాడారో నాకు తెలియదు.

కారు వచ్చింది. పెద్దాయన దిగాడు, ఆయన భార్య దిగింది. వెనక ఎవరూ దిగలేదు.

ఆయన వేదిక మీదికి వచ్చి, మేడం వాళ్లమ్మకు ఒంట్లో బాగాలేక రాలేకపోయిందని మైకులో చెప్పి, నాకు శాలువా కప్పాడు. ఫోటో తీశారు. ఆ తరువాత నన్ను మండపం వెనక వంటల దగ్గరికి తీసుకుపోయాడు. తిడతాడనుకున్నాను. తిట్టలేదు.

"మీ అత్త గట్టిగా ఉండాదప్పా," అన్నాడు. "మేం పోయేసరికి చేన్లోంచి శనక్కట్టె మోపు నెత్తిన పెట్టుకొని వస్తాండాది. కుర్చీ ఎవురికి అని అడిగింది. ఊర్లో కాళ్లు పడిపోయిన ముసలాయన ఉంటే ఆయనకు ఇచ్చి వచ్చినాం."

నేను నేల చూస్తున్నాను. ఆయనే మళ్లీ అందుకున్నాడు.

"నీ భార్య మంచిదప్పా. మజ్జిగ ఇచ్చింది, అన్నం తినిపొమ్మనింది. నీ గురించి మేం చెప్పిందంతా నవ్వుతా వినింది. వారం వారం మూడూళ్లకు వస్తాడమ్మా, వానొచ్చినా ఆగడని చెప్తిమి. అప్పుడు ఒక మాట అడిగింది. అన్నూళ్లకు పోయే మనిషికి మా ఊరికి మాత్రం బస్సు లేకపోయెనా సార్, అనింది."

నాకు కోపం వచ్చింది. ఏడుపు రావాల్సిన చోట నాకు ఎప్పుడూ కోపమే వస్తుంది. "మిమ్మల్నెవరు పొమ్మన్నారు?" అని అరిచాను. వంటవాళ్లు గరిటెలు ఆపి చూశారు. నా ఇంటి సంగతి మీకెందుకన్నాను. ఇంకా ఏమేమో అన్నాను. నాలుగేళ్లు పడక వేయించిన మనిషిని, కట్టుకున్న పెళ్లాంతో ఉగ్గాని కట్టించి పంపిన మనిషిని. ఆయన ఒక్కటే చెప్పాడు. "ఆమె రానని అనలేదప్పా. నువ్వు వస్తే వస్తానని చెప్పినాది. ఇదో చీర, నువ్వే తీసుకపోయి ఇయ్యి."

చీర పెట్టె చంకలో పెట్టుకుని రైలెక్కాను. ఆ తరువాత ధర్మవరం పోలేదు, పెనుకొండ పోలేదు. హిందూపురం బుధవారాలు కూడా మానేశాను. పెద్దాయన ఎవరికీ చెప్పి ఉండడని నాకు తెలుసు. పై నెల పత్రికలో సన్మానం వార్త వేసి, శ్రీమతి గారు తల్లి అనారోగ్యం వల్ల రాలేకపోయారని రాయించాడు. నా అబద్ధాన్ని తన నెత్తిన వేసుకుని అచ్చు వేయించాడు. అది చదివి ఏడ్చాను. అయినా ఉత్తరం రాయలేదు ఆయనకు.

ఇంక గాండ్లపెంటకు పోవాలి. కదిరిలో బస్సు మారితే నాలుగు గంటల ప్రయాణం, అంతే. శనివారం రాగానే చీర పెట్టె సంచిలో పెట్టుకునేవాడిని, బస్టాండు దాకా పోయేవాడిని, టీ తాగి తిరిగొచ్చేవాడిని. ఏ మొహంతో పోవాలి? చేన్లో పనిచేసే అత్తను నాలుగేళ్లు మంచాన పడేసినవాడిని. కుర్చీ ఎందుకు తెచ్చారో ఈపాటికి ఆమెకు అర్థమై ఉంటుంది, ఊరంతా నవ్వుకుని ఉంటుంది. వచ్చే వారం పోదాం, ఈ సంగతి కొంచెం పాతబడనీ అనుకున్నాను. అట్లా రెండు నెలలైంది.

ఒక ఆదివారం ఎట్లాగో కదిరి బస్సు ఎక్కి కూర్చున్నాను. దారంతా ఏం చెప్పాలో కూడబలుక్కున్నాను. తప్పు నాదే అని మొదలుపెట్టాలి. పిలుచుకొని పోవడానికి వచ్చానని చెప్పాలి. ఎవరున్నా సరే, అందరి ముందే చెప్పాలి. ఒకసారి అందరి ముందే కదా ఆ మాట అన్నాను. పల్లెలో బస్సు దిగి అవే మాటలు గొణుక్కుంటూ నడిచాను.

అత్త వాకిట్లో కాయలు ఒలుస్తోంది. నన్ను చూసి చేట పక్కన పెట్టి లేచింది. రాప్పా అని మంచం వాల్చింది, చెంబుతో నీళ్లు తెచ్చింది. కుర్చీ మాట ఎత్తలేదు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. నేను చీర పెట్టె ఒళ్లో పెట్టుకుని గడప వైపు చూస్తున్నాను. అత్త నా చూపు కనిపెట్టింది.

"అది లేదప్పా," అంది. "పది దినాలాయ, తనకల్లు ఆడోళ్లు పోతాంటే వాళ్ల కూడా బెంగళూరుకు పోయినాది, గార్మెంట్సు పనికి."

నేను చెంబు కింద పెట్టాను.

"ఆ సారు, ఆయమ్మ వచ్చిపోయినాక ఇంగ వస్తాడులే అమ్మా అనింది. రెండు నెల్లు సూసినాది. సాయంత్రం కదిరి బస్సు వచ్చే యాళకు తల దువ్వుకొని అరుగు మీద కూర్చునేది. బస్సు పోయినాక లేచి పొయ్యి అంటించేది."

ఏ కంపెనీ అని అడిగాను. తెలియదంది. ఏ పేట అని అడిగాను. అదీ తెలియదంది. ఉత్తరం వస్తే చెప్తానంది కానీ, ఆ మాట అనేటప్పుడు నా వైపు చూడలేదు.

మళ్లీ చేట దగ్గర కూర్చుని కాయలు ఒలవడం మొదలుపెట్టింది. నేను మేనల్లుణ్ని కదా, నా మొహం చూసి ఆమెకే జాలి కలిగినట్లుంది. "పనులుండి రాలేకపోతివేమోలే అప్పా," అంది. "ఆయప్పకు శానా పనులు, తీరిక దొరకల్ల కదా అని నేనే దానికి చెప్తాంటి."

"అవునత్తా, పనులే," అన్నాను.

ఆ రెండు నెలల సాయంత్రాలన్నీ నేను హిందూపురంలో ఇంట్లో, లైటు కూడా వేసుకోకుండా, ఊరికే కూర్చుని ఉన్నాను.