మొక్కు పుంజు, బెల్లం కేకు

పాసైన! నేను డిగ్రీ పాసైన! మా అవ్వ తరఫున గాని మా బాపు తరఫున గాని ఎవ్వలు చదవని చదువు నేను చదివిన, పాసైన! ఫోన్ల చూసిన, నమ్మబుద్ధి గాక మళ్ళ చూసిన, ఫోన్ బందు జేసి ఆన్ చేసి గూడ చూసిన. కెమిస్ట్రీ పక్కన పాస్ అనే ఉన్నది. గా ఒక్క కెమిస్ట్రీ కాడనే ఆగింది నా డిగ్రీ గిన్ని రోజులు.

"అవ్వా, పాసైన్నే!" అని ఒర్రుకుంట ఇంటెనుకకు ఉరికిన. మా అవ్వ పెరట్ల వంకాయలు తెంపుతున్నది. నన్ను కన్నతల్లిని నేను అవ్వ అనే పిలుస్త. కొంగుల ఉన్న కాయలన్ని కింద పోసి నన్ను గట్టిగ పట్టుకున్నది. ఆమె చేతులకు ఎప్పుడు బీడీ ఆకు వాసనే. ఏడ్సుకుంటనే నవ్వింది. మాకేమైందో సమజ్ గాక మా కుక్క ఇద్దరి చుట్టు తిరుగుకుంట మొరిగింది. గప్పుడే కుక్క పక్కపొంటి మా పుంజు అచ్చి, మెడ నిక్కించి ఒక్క కూత కూసింది.

అవ్వ ఏడుపు ఆగింది. నవ్వు గూడ ఆగింది. ఆమె పుంజు దిక్కు చూసింది, నేను పుంజు కాలుకున్న పసుపు దారం దిక్కు చూసిన. ఇద్దరికి ఒక్కసారే యాదికచ్చింది. నేను పాసైతే పోచమ్మకు కోస్తమని మొక్కిన పుంజు అది.

మాది కోరుట్ల పక్కన ఊరు. రోజు బస్సుల జగిత్యాలకు పోయి చదువుకున్న. ఆఖరి ఏడు కెమిస్ట్రీ పోయింది. మళ్ళ రాసిన, మళ్ళ పోయింది. అవ్వ ఏమనలే. మా అవ్వ ఏమనకపోవుడు గూడ ఒక మాటనే. ఇంటర్ అయినంక కాలేజీకి పోతనే అన్ననాడు గూడ ఏమనలే. తెల్లారి మాత్రం "బస్సు పాసుకు ఫోటో దిగిరా పో" అన్నది, గంతే. గాని రెండోసారి పోయినంక ఆమెకు బుగులైనట్టున్నది. సప్పుడు జెయ్యక పోచమ్మ కాడికి పోయి, "నా బిడ్డ పాసైతే నీకు పుంజును కోస్త తల్లీ" అని మొక్కచ్చింది. అంగడిల ఒక కోడిపిల్లను కొన్కచ్చి, కాలుకు పసుపు దారం గట్టింది.

మా బాపమ్మ, అంటే మా బాపును కన్నతల్లి, గా దినమే చెప్పింది. "మొక్కు కోడిని ముద్దుజెయ్యకుండ్రి. దానికి పేరు వెట్టకుండ్రి."

పేరు వెట్టలే. మిగిలినయన్ని జేసినం.

పిల్లగున్నప్పుడు అది కుక్క కడుపు కింద దూరి పండేది. కుక్క గురక వెడుతుంటె దీని నెత్తి పైకి కిందికి ఊగేది. పెద్దగైనంక వంకాయ చెట్ల పురుగులన్ని ఏరి తిన్నది, మందు కొట్టే పని తప్పింది. గాని కొత్తిమీర మడి మాత్రం ఒక్కసారి గూడ మొలవనియ్యలే. అవ్వ విత్తనాలు సల్లుడు, ఇది గోకుడు. "నీకు సిగ్గున్నదా? గడ్డపారకన్న ఎక్కువ తవ్వుతవు గదరా!" అని అవ్వ తిట్టేది. తిట్టినంక అర్రల బీడీలు జేసుకుంట కూసుంటె, అది పోయి ఆమె మోకాలుకు ఆనుకోని కండ్లు మూసేది. చాట సర్దుకోవాలంటె దాన్ని లేపాలె. అవ్వ లేపేది గాదు, చాటనే పక్కకు జరిపేది.

నేను మూడోసారి పరీక్షకు చదువుకుంట ఇంట్లనే ఉన్న. చదివి చదివి నెత్తి పలుగుతుంటె ఫోన్ల చూసి కేకులు నేర్సుకున్న. ఒవెన్ మాకేడిది? పాత కుక్కర్ల ఉప్పు పోసి, రబ్బరు తీసి, సీటీ తీసి, లోపట గిన్నె పెట్టుడు. మొదటి కేకు అడుగంటి బొగ్గైంది. కుక్కకేస్తె వాసన చూసి వెనుకకు జరిగింది. పుంజు మాత్రం పొడుసుకోని పొడుసుకోని తిన్నది. గా దినం నుంచి కుక్కర్ మూత తీసిన సప్పుడైతె సాలు, అది ఎక్కడున్న ఉరికచ్చేది.

మా బాపు దుబాయ్‌ల ఉంటడు. వీడియో కాల్ల మేం మాట్లాడుతుంటె ఇది మధ్యల కూసేది. బాపు గా కూతను రికార్డు జేసుకోని అలారం పెట్టుకున్నడు. "మా రూములోళ్ళందరు దీని కూతకే లేసి డ్యూటీకి పోతున్నరు బిడ్డా. ఊర్లనే లేసినట్టున్నది అంటున్నరు" అని నవ్వేటోడు.

పాసైన దినం ముందుగాల ఆయనకే కాల్ చేసిన. బాపు టోపీ తీసి మొఖం తుడుసుకున్నడు. "ఇగ నేను ఎవలన్న అడిగితె మా బిడ్డ డిగ్రీ అని చెప్త" అన్నడు. గాయింత సంబురంల, "మా వోడు ఏడి? చూపియ్యి" అన్నడు. నేను ఫోన్ పుంజు దిక్కు తిప్పిన. కాలుకున్న పసుపు దారం గూడ కనవడ్డది. ఆయనకు సమజైంది.

"ఇంకో పుంజును కొని కోద్దాం తియ్యి" అన్నడు.

అవ్వ ఫోన్ గుంజుకున్నది. "దారం దీని కాలుకే గట్టిన. ఇంకోదాన్ని తీస్కపోతె తల్లికి తెల్వదా? రేపు బిడ్డకు ఏదన్న అయితె నువ్వు దుబాయ్ నుంచి అచ్చి అడ్డం వడ్తవా?"

బాపు టోపీ మళ్ళ నెత్తికి పెట్టుకున్నడు.

ఫోన్ పెట్టేసి అవ్వ సిరిసిల్లకు కలిపింది. మా మేనత్త భర్త, మామ, అక్కడ మగ్గాలు నడిపిస్తడు. చుట్టాల ఇండ్లల్ల ఏ మొక్కున్న కోసేది ఆయనే. "ఆదివారం రా అన్నా. మొక్కున్నది" అన్నది. ఎందుకని ఆయన అడగలే, అవ్వ చెప్పలే. "అస్త సెల్లె! మసాలా నేనే తెస్త, మీ కాడ దొరికేది గడ్డి" అన్నడు ఆయన. ఆయన సంబురం స్పీకర్ల ఇల్లంత ఇనవడ్డది.

నేను ఇంకెవ్వలకు ఫోన్ చెయ్యలే. డిగ్రీ పాసైన అని చెప్తె, మొక్కెప్పుడు అని అడుగుతరు. నా పాసు ఒక దిక్కు, పుంజు పానం ఒక దిక్కు. పాస్ గాకపోతె అది బతికుండేదని గూడ అనిపిచ్చింది. గట్ల అనిపిచ్చినందుకు నా మీద నాకే కోపమచ్చింది.

తెల్లారి బెల్లం కేకు జేసిన. గోధుమపిండి, మా కోళ్ళ గుడ్లు, బెల్లం పాకం. మంచిగ పొంగింది. కేకంత అవ్వ ముందల పెట్టిన. ఆమె నోట్లె వెట్టుకోలే. మోకాలు కాడున్న పుంజుకు కొద్ది కొద్ది తుంచి వేసింది. మిగిలింది కుక్కకేసింది.

బాపమ్మ గడప మీద కూసోని అంతా చూస్తున్నది. "ఏమే కోడలా, ఆదివారం కోసేది కోడినేనా, నిన్నా? నీ మొఖం సూస్తె నిన్నే కోస్తరనుకుంటరు సూసినోళ్ళు."

"నా నోటితోని మొక్కిన అత్తా. నా నోటితోని ఎట్ల కాదందు?"

"కాదనుడెందుకు? పోయి అడుగు. మొక్కినామెవు నువ్వే, అడగాల్సింది నువ్వే. ఆమె తల్లి గాదా? నీ గోస ఇనదా?" బాపమ్మ చెయ్యెత్తి బాత్రూం రేకుల మీదికి చూపెట్టింది. అక్కడ అవ్వ వడియాల కోసం దాసుకున్న బూడిద గుమ్మడికాయ ఉన్నది, తీగకు కాసినయన్నిట్ల పెద్దది. "కొత్తిల్లుకు అదే గదా కొట్టేది? జీవం తీయలేనోళ్ళు కాయనే కొడ్తరు. గది గూడ నువ్వు నీళ్ళు పోసి పెంచిందే."

అవ్వ చానసేపు రేకుల దిక్కే చూసింది. ఎనుకకు తిరిగి నన్నడిగింది.

"కేకున్నదా ఇంక?"

"నువ్వే గదనే కోడికేస్తివి!"

"ఇంకోటి చెయ్యి. తానం జేసి చెయ్యి. రుచి మాత్రం సూడకు."

పోచమ్మ కాడికి తీస్కపోయేది ముందుగాల మనం రుచి చూడద్దు. వేలు గిన్నె అంచుకు తాకితె నాకబుద్ధైంది, కడుక్కున్న. బెల్లం సరిపోయిందో లేదో దేవునికే ఎరుక అనుకోని కుక్కర్ల పెట్టిన. కుక్కను వాకిట్ల గట్టిన. మూత తీస్తె ఉరికస్తదని పుంజును గంప కింద మూసిన.

ముగ్గురం పోయినం. పోచమ్మ గుడంటె మా ఇండ్ల ఎనుక యాపచెట్టు కింద మోకాలెత్తు గోడలు, గంతే. అవ్వ యాపాకులేసి పసుపు నీళ్ళు పోసింది, బొట్టు పెట్టింది. ఇస్తారిల కేకు పెట్టి, పక్కన పసుపు కుంకుమ పూసిన గుమ్మడికాయ పెట్టింది. అన్నం వండి తెచ్చేటోళ్ళను చూసిన గాని కేకు తెచ్చినోళ్ళను నేను చూడలే. నవ్వస్తదనుకున్న, రాలే.

"తల్లీ, నా బిడ్డను పాస్ జేసినవు" అన్నది అవ్వ. "నేను మొక్కింది మర్వలే. గాని గా పుంజు నా మోకాలు కాడ పెరిగింది, నాతోని గాదు. నేను పెంచిన కాయ తెచ్చిన. నా బిడ్డ జేసిన కేకు తెచ్చిన. ఒప్పుకో. కోపమస్తె నా మీదికి రా, బిడ్డ జోలికి పోకు."

చేతులు జోడిచ్చి నిలవడ్డది. యాపాకులు గూడ కదుల్తలేవు. నాకు కాళ్ళు గుంజుతున్నయి.

"ఏమన్నదే?" అని మెల్లగ అడిగిన.

"ఏమనలే" అన్నది అవ్వ.

బాపమ్మ ఎనుక నుంచి అందుకున్నది. "నీ బిడ్డ సదువుకు పోత అన్ననాడు నువ్వేమన్నవే? నువ్వు గూడ ఏమనలే. తల్లులు ఏమనకుంటె సరే అన్నట్టే. కొట్టు కాయ!"

అవ్వ గుమ్మడికాయను రాయికేసి కొట్టింది. తెల్లటి గింజలు, పసుపు కుంకుమ అంతట చిందినయి. కేకు ముక్కలు జేసి అందరం నోట్లె వేసుకున్నం. "బెల్లం తక్కువైంది" అన్నది బాపమ్మ, ఇంకో ముక్క తీసుకుంట. అవ్వ ఏమనలే. తినుకుంటనే ఉన్నది.

ఇంటికచ్చి గంప లేపి, పుంజును ఒళ్ళె వెట్టుకోని, పండ్లతోని దారం కొరికి తెంపింది. అది దులుపుకోని సక్కగ కొత్తిమీర మడిలకే పోయింది. నేను కుక్కను ఇడిస్తె అది గూడ దానెంబడి పోయింది. "ఇగ మనం కొత్తిమీర కొనుక్కోని తినుడే" అన్నది అవ్వ. గప్పుడు నవ్విన నవ్వు, నేను పాసైనప్పుడు సగంల ఆగిన నవ్వే.

ఇగ ఇప్పుడు అందరికి ఫోన్లు చెయ్యచ్చు. చెయ్యాల్సినోళ్ళు ఇంక చానమందే ఉన్నరు.

బాపుకు. అలారం మార్చద్దని.

నాకు కెమిస్ట్రీ మళ్ళ మొదటి నుంచి చెప్పిన జగిత్యాల మేడంకు.

బస్సుల నా పక్క సీటు దోస్తుకు. దానికి గూడ ఒక సబ్జెక్టు పాస్ గాక మిగిలున్నది, కాబట్టి మెల్లగ చెప్పాలె.

అమ్మమ్మకు. చెవులు ఇనవడవు, పక్కింటోళ్ళకు చేసి చెప్పమనాలె.

సిరిసిల్ల మేనత్తకు. మగ్గాలు బందువెట్టిన టైమ్ చూసి.

గామె పక్కనే ఉంటడు మామ. ఆయనకైతె ముందుగాల చెయ్యాలె. మామా, నేను డిగ్రీ పాసైన, ఆదివారం తప్పక రావాలె, గాని కత్తి తేకు, కోసేది కేకే. అవ్వేమో, "నువ్వే చెప్పు, నాకు భయమైతది, ఆయన మసాలా గూడ కొన్నడట" అంటున్నది.