పరాఠాల కింద జీపీఎస్

ఢిల్లీలో దారి అడగకూడదు. తెలియదని ఒక్కడూ చెప్పడు. చెయ్యి తిన్నగా చాచి "సీధా, భయ్యా" అంటాడు. ఆ సీధా ఏ మురుగుకాలువ దగ్గరో ఆగిపోతుంది. ఈ రకం మనుషుల్ని చూస్తే నాకు ఒళ్లు మంట. వాళ్లందరిలోకీ ఘనుణ్ణి నేనేనన్న సంగతి మాత్రం ఇన్నేళ్లూ కడుపులో పెట్టుకుని తిరిగాను. బరువే. మీకు చెప్పేస్తాను.

అప్పట్లో గుర్గావ్‌లో ఉద్యోగం. ఆదివారాలు హర్యానాలో ఒక ఫ్లయింగ్ క్లబ్బు. నాకు ప్రైవేటు లైసెన్సు ఉందన్న విషయం లిఫ్టులో పక్కవాడు అడక్కపోయినా చెప్పేవాణ్ణి. అక్కడే నేర్చుకునే శ్రీధర్ నాకంటే చిన్నవాడు, రాజమండ్రి కుర్రాడు, ఢిల్లీ లక్ష్మీనగర్‌లో అద్దెగది. వాడికిది సరదా కాదు, పైలట్ ఉద్యోగమే కావాలి. చలికాలంలో ఒక ఆదివారం విమానం నడపడం నా వంతు, మ్యాపు ఒళ్లో పరుచుకుని దారి చెప్పడం వాడి వంతు. నేను మాత్రం సింగపూర్ నుంచి తెప్పించుకున్న జీపీఎస్‌నే చూస్తున్నాను. క్లబ్బు చీఫ్ ఇన్‌స్ట్రక్టర్ అలాంటివాటిని ఖిలౌనాలు, ఆటబొమ్మలు అనేవారు, విమానంలోకి తేవద్దనేవారు.

మేం దిగాల్సిన చోటు అక్షాంశం ఇరవై ఎనిమిది డిగ్రీల ముప్ఫై నిమిషాలు. అంటే ఇరవై ఎనిమిదిన్నర. ఇంజనీరునైన నేను 28.50 బదులు 28.30 అని కొట్టాను.

"కాలువ ఎడమవైపు రావాలన్నా. కుడివైపుంది" అన్నాడు శ్రీధర్.

"పైన ఉపగ్రహాలున్నాయిరా. వాటికంటే నీకు బాగా కనిపిస్తోందా?" అన్నాను. నవ్వాను కూడా.

చేరామని జీపీఎస్ చెప్పిన చోట ఆవచేను ఉంది. మంచు మసకలో వెతికి వెతికి, ఇంధనం అడుగంటాక అందులోనే దిగాం. ముందు చక్రం విరిగింది. మాకేం కాలేదు. జీపీఎస్ నా టిఫిన్ డబ్బాలో పరాఠాల కిందికి వెళ్లింది.

మ్యాపు ఎవరి చేతిలో ఉందని చీఫ్ అడిగారు. శ్రీధర్ చేతిలోనే అన్నాను. అబద్ధం కాదు కదా? ఎంత నిఖార్సైన మనిషినో చూడండి. వాడు జీపీఎస్ మాట ఎత్తాడు. ఏ జీపీఎస్ అన్నాను. గుర్గావ్ ఇంగ్లీషులో అన్నాను కాబట్టి నమ్మారు. వాణ్ణి క్లబ్బులోంచి తీసేశారు. వాడు పైలట్ కాలేదు.

దేనికి భయపడ్డాను? లైసెన్సు పోతుందనా, లిఫ్టులో చెప్పుకోవడానికి ఏమీ మిగలదనా? రెండోదే అయ్యుంటుంది. అంత చవక మనిషినని రాసుకోవడానికి ఇన్నేళ్లు పట్టింది. రాశాక కాస్త ఊపిరాడుతోంది. అంతకుమించి ఏమీ జరగలేదు.

క్లబ్బులోంచి తీసేసిన సాయంత్రం వాడు గేటు బయట బస్సు కోసం నిలబడ్డాడు. కారాపి, ఇంటిదాకా దింపుతానన్నాను, మహాదాతలాగా. ఎక్కలేదు. కిటికీ దగ్గరికి వంగాడు.

"అన్నా, ఆ కాలువ మీకూ కనిపించింది."