అచ్చొచ్చిన బాటిళ్లు

నా కోపం ముక్కు మీదే ఉంటుందని మా అమ్మ అందరికీ చెబుతుంది. నేను ఒప్పుకోను. ముక్కు మీద ఉంటే కనీసం నాకు కనిపించేది, కాస్త ముందే జాగ్రత్త పడేదాన్ని. ఆ ఏడాది అది చెప్పాపెట్టకుండా వచ్చి, మా ల్యాబులో సీసాలు కడిగే అక్క ఉద్యోగం మీద పడింది.

మేముండేది తార్నాకలో. ప్రభుత్వోద్యోగం మీద కర్నూలు నుంచి వచ్చిన నాన్న ఇక్కడే స్థిరపడ్డారు. ఇంటి నుంచి క్యాంపస్‌లోని ల్యాబుకు నడిచి పావుగంట. అప్పుడు నాది పీహెచ్‌డీలో నాలుగో ఏడు. రొమ్ము క్యాన్సర్ కణాలను ప్లేట్లలో పెంచడం, వాటితో పోట్లాడటం నా పని. ఆ కణాల్లో ఈస్ట్రోజన్ అనే హార్మోన్ కోసం కాచుకుని కూర్చునే ఒక ప్రోటీన్ ఉంటుంది. దాన్ని రిసెప్టర్ అంటారు. హార్మోన్ వచ్చి అతుక్కోగానే అది జన్యువుల దగ్గరికి వెళ్లి, ఇది తయారు చెయ్యి, అది ఆపు అని హుకుములు జారీ చేస్తుంది. అలా తయారయ్యేవాటిలో ఒక ప్రోటీన్, క్యాన్సర్ మీదికి దాడికొచ్చే రోగనిరోధక కణాల నోరు మూయిస్తుందని నా అనుమానం. అది రుజువైతే నా థీసిస్ గట్టెక్కినట్టే.

చెప్పుకోవడానికి రుజువు సులువే. ఒక ప్లేటులో కణాలకు హార్మోన్ ఇవ్వాలి, ఇంకో ప్లేటులో ఇవ్వకూడదు. ఇచ్చిన చోట ఆ ప్రోటీన్ ఎక్స్‌రే ఫిల్మ్ మీద నల్ల గీతగా పడాలి. ఇవ్వని చోట ఖాళీగా ఉండాలి. ఇవ్వనిదాన్ని కంట్రోల్ అంటాం. నా కంట్రోల్ మహా మొండిది. హార్మోన్ చుక్క కూడా పడని కణాలు, పీకల దాకా తాగినట్టు నల్లటి గీత చూపించేవి. కణాలకు పోసే ద్రవంలో వేసే ఎర్ర రంగుకే కాస్త హార్మోన్ గుణం ఉంటుందంటే రంగు లేనిది తెప్పించాను. ఆ ద్రవంలోనే కలిపే సీరంలో మిగిలిన హార్మోన్లను బొగ్గుపొడితో లాగేశాను. ఊహూ, గీత చెక్కు చెదరలేదు.

మా గైడు సారుది గుంటూరు వైపు. చర్చిలో పాటలు పాడి పాడి వచ్చిన పెద్ద గొంతు ఆయనది. నా ఫిల్మును కిటికీ వెలుగుకు ఎత్తిపట్టి, "ఏవమ్మా, ఇచ్చినా అదే, ఇవ్వకపోయినా అదే అయితే, ఇంక ఇవ్వడం దేనికి?" అన్నారు. ల్యాబంతా పక్కున నవ్వింది. నాకు ఒళ్లు మండిపోయింది.

ఇక్కడ నా బాటిళ్ల గురించి చెప్పాలి. అవి మూడు, గట్టి ప్లాస్టిక్‌వి. కణాల ద్రవం కలపడానికి వాడే నీళ్లు వాటిలోనే ఉంచేదాన్ని. ఒక సీనియర్ వాటితో పనిచేసి గొప్ప పేపర్ వేశాడట. వెళ్తూ తన జూనియర్‌కు ఇచ్చాడు, ఆమెకూ పేపర్ పడింది. తన వైవా రోజున ఆమె వాటిని నా చేతుల్లో పెట్టి, "అచ్చొచ్చినవి, జాగ్రత్త" అంది. వాటి మీద మార్కర్‌తో రాసిన సీనియర్ల పొడి అక్షరాలు సగం చెరిగిపోయి ఇంకా ఉండేవి. ఏటా ఆయుధ పూజ నాడు మైక్రోస్కోపులతో పాటు వాటికీ బొట్టు పెట్టేవాళ్లం. మా సారు క్రైస్తవులైనా ఆ రోజు పులిహోర ఎప్పుడొస్తుందా అని వరండాలో తచ్చాడేవారు. వారం వారం ఆ బాటిళ్లను నీళ్లతో సహా ఆటోక్లేవ్‌లో, అంటే మా పెద్ద ప్రెషర్ కుక్కర్‌లో పెట్టి మరిగించేదాన్ని. క్యాన్సర్ మీద పరిశోధన చేసే మనిషిని, ఆ సీసాల అదృష్టాన్ని ఒక్కసారి కూడా అనుమానించలేదు.

అనుమానించింది అక్కను. కొన్ని రకాల సబ్బులు పూర్తిగా పోకపోతే హార్మోన్‌లా పనిచేస్తాయని ఎక్కడో చదివాను. అంతే, నా చూపు సింకు వైపు తిరిగింది. అక్క వారాసిగూడ నుంచి వస్తుంది. నేను ల్యాబులో చేరడానికి ఎన్నో ఏళ్ల ముందు నుంచే అక్కడ సీసాలు కడుగుతోంది. కడిగిన ప్రతి సీసానూ ట్యూబ్‌లైటుకు అడ్డంగా పట్టి, ఒక కన్ను మూసి చూసి గానీ స్టాండుకు తగిలించదు. చేరిన మొదటి రోజు నుంచీ నన్ను "బిడ్డా" అనే పిలిచేది.

"అక్కా, నువ్వు సబ్బు సరిగ్గా పోగొట్టట్లేదు. నీ వల్ల నా నాలుగేళ్లు మట్టిలో కలిసిపోతున్నాయి" అన్నాను. చాటుగా కాదు, అందరి ముందూ అన్నాను.

ఆమె చేతిలో బ్రష్షు ఆగిపోయింది. "ఏడుసార్లు నల్లా నీళ్లు, మూడుసార్లు డిస్టిల్ వాటర్. రోజు గట్లనే కడుగుతున్న. నమ్మకం లేకుంటే నేనేం జెయ్యాలె, మేడం?"

మేడం! ఆ మాట చురుక్కుమంది. అయినా నా నోరు ఊరుకుంటేగా. అదే వేడి మీద ఫిర్యాదు రాసి సారు టేబుల్ మీద పెట్టాను. అక్కది కాంట్రాక్టు ఉద్యోగం. ఏటా సారు సిఫార్సు చేస్తేనే కొనసాగేది, ఆ గడువు సరిగ్గా ఆ నెలాఖరుకే ఉంది. సారు నా కాగితం చదివి, అప్పటిదాకా ఆమెను వేరే బిల్డింగులోని స్టోర్ రూముకు పంపించి, "తర్వాత చూద్దాంలే" అన్నారు. ఆ 'తర్వాత'కు అర్థం ల్యాబులో అందరికీ తెలుసు.

ఇక సింకు దగ్గర నేనే నిలబడ్డాను. సబ్బు ముట్టకుండా, వట్టి నీళ్లతో పదిహేనుసార్లు కడిగాను. బాటిళ్ల మీది బొట్టు చెరగకుండా పక్కల నుంచి రుద్దాను కూడా! ద్రవం కలిపాను, కణాలకు పోశాను, ఫిల్మ్ కడిగాను. కంట్రోల్‌లో గీత. అదే గీత, అంతే నలుపు.

నాకు తల కొట్టేసినట్టయింది. సబ్బే లేని చోట సబ్బు తప్పెలా అవుతుంది? ఇంటికెళ్లి అమ్మకు చెబితే, పప్పు తిరగమోత పెడుతూనే, "ఊరికే పోయే ఆమెను యాల అంటివి? పోయి ఆమెనే అడుగు పో" అంది. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులున్నాయి.

మర్నాడు పొద్దున్నే స్టోర్ రూముకు వెళ్లాను. అక్క పాత అట్టపెట్టెల మధ్య స్టూలు మీద కూర్చుని ఉంది. చేతులు ఊరికే ఒళ్లో పెట్టుకుని కూర్చున్న ఆమెను నేనెప్పుడూ చూడలేదు. క్షమాపణ చెప్పడం నాకు చేతకాదు. "అక్కా, నేనే కడిగాను. అయినా గీత వచ్చింది. తప్పు నీది కాదు, నాది" అని గబగబా అనేశాను.

ఆమె వెంటనే కరగలేదు. "నాకు ముందే ఎర్కనే" అంది. తర్వాత తనే అడిగింది. "గా ప్లాస్టిక్ బాటిల్లనే కడిగినవా?"

"అవును."

"కొత్తల అద్దం లెక్క మెరుస్తుండె అవి. కుక్కర్ల ఉడకబెట్టి ఉడకబెట్టి మబ్బు పట్టినయ్. మబ్బు నేను కడిగితే పోతదా? ఏడాది సంది వాటి నీళ్లు ఒక తీరు వాసనొస్తున్నయ్. మా ఇంట్ల అయితే గాటిల్ల నీళ్లు తాగనియ్య. పారేద్దామంటే అచ్చొచ్చినయి, ముట్టకు అంటిరి. ఇగ నేనేం చెప్పాలె?"

అప్పుడు గుర్తొచ్చింది నాకు. ఆ జాతి గట్టి ప్లాస్టిక్‌ను మళ్లీ మళ్లీ మరిగిస్తే అందులోంచి ఒక రసాయనం నీళ్లలోకి దిగుతుంది. అది ఈస్ట్రోజన్ వేషం వేసుకుని అదే రిసెప్టర్‌కు అతుక్కుంటుంది. ఇది కొత్త సంగతేమీ కాదు, పరీక్షలో అడిగితే నేనే రెండు పేజీలు రాసేదాన్ని. హార్మోన్ ఇవ్వలేదు, ఇవ్వలేదు అని నాలుగేళ్లు ఒట్టేసి చెబుతూ, బొట్టు పెట్టి మరీ ఇస్తూ వచ్చాను!

పరుగున ల్యాబుకొచ్చి, అక్క ఎప్పుడో సబ్బుతో కడిగి మూతలు బిగించి పెట్టిన గాజు సీసాలను బీరువా పైనుంచి దించి, పై దుమ్ము తుడిచాను. ఒకే రకం నీళ్లు, వాటిలో కలిపే పొడీ ఒకటే, కణాలూ ఒకటే. తేడా సీసాల్లోనే. గాజు సీసా నీళ్లతో ఒక కంట్రోల్, అచ్చొచ్చిన బాటిల్ నీళ్లతో ఒక కంట్రోల్. మూడో ప్లేటుకు కూడా బాటిల్ నీళ్లే, కానీ అందులో రిసెప్టర్‌ను అడ్డుకునే మందు కలిపాను. తప్పు నిజంగా రిసెప్టర్ ద్వారానే జరుగుతుంటే మందు పడిన చోట గీత పోవాలి. చివర్న, గాజు సీసా నీళ్లతోనే నిజం హార్మోన్ ఇచ్చిన ప్లేటు.

ఫిల్మ్ కడిగే గదిలో ఎర్ర బల్బు కింద, ద్రావణంలో ఫిల్మును ఊపుతూ నిలబడ్డాను. ముందు హార్మోన్ ఇచ్చిన చోట గీత తేలింది. తర్వాత బాటిల్ చోట తేలింది. మందు వేసిన చోట లీలగా, ఉందా లేదా అన్నట్టు. గాజు చోట ఏమీ లేదు. ఇంకో నిమిషం ఆగాను. అయినా లేదు. శుభ్రంగా, హాయిగా ఏమీ లేదు. నేను పెట్టిన కేకకు, ఎవరికో కరెంటు షాక్ కొట్టిందనుకుని పక్క ల్యాబు వాళ్లు తలుపు బాదారు.

సారు ఫిల్మును కిటికీకి ఎత్తిపట్టి చాలాసేపు చూశారు. "మళ్లీ చెయ్యి" అన్నారు. చేశాను. "ఇంకోసారి." చేశాను. మూడుసార్లూ గాజు చోట ఖాళీయే. హార్మోన్ ఇస్తే గీత, ఇవ్వకపోతే లేదు. రోగనిరోధక కణాల నోరు మూయించే ఆ ప్రోటీన్, నేను అనుమానించినట్టే హార్మోన్ హుకుముతోనే తయారవుతోంది. ఈసారి కంట్రోల్ కూడా నా పక్షానే సాక్ష్యం చెబుతోంది. మూడో ఫిల్మ్ చూసి సారు కుర్చీలోంచి లేచి, "గెలిచావమ్మా!" అన్నారు. ఆ గొంతు కింది అంతస్తు దాకా వినిపించి ఉంటుంది.

నెలాఖరుకు ఇంక రెండు రోజులే. మా వారం మీటింగులో, నేను అక్కను కడిగేసినప్పుడు ఉన్నవాళ్లందరి ముందూ ఆ ఫిల్మును తెర మీద వేశాను. స్టోర్ రూము నుంచి అక్కనూ పిలిపించాను. ఆమె తలుపు దగ్గరే నిలబడింది. "ఇది నేను కనిపెట్టలేదు, అక్క కనిపెట్టింది. నేను అరిచాను, అంతే" అన్నాను. నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటూ రాసిన కాగితం సారుకిచ్చాను. సారు అక్కడికక్కడే అక్క కాంట్రాక్టు సిఫార్సు మీద సంతకం పెట్టి, "ఆ బాటిళ్లు పారేయొద్దన్నవాళ్లలో నేనూ ఉన్నానమ్మా" అన్నారు. ఎవరు మొదలుపెట్టారో గానీ గదంతా చప్పట్లు మోగాయి. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను.

మర్నాడు పొద్దున అక్క తన సింకు దగ్గరికి తిరిగి వచ్చింది. ముందుగా చేసిన పని, ఆ మూడు బాటిళ్లనూ తీసుకెళ్లి చెత్తబుట్టలో పడెయ్యడం. తర్వాత నా టేబుల్ దగ్గరికొచ్చి, ప్రింట్ తీసి ఉంచిన ఆ ఫిల్మ్ ఫొటోను చూసింది.

"గీడ ఏం లేదు గదా?" అంది, గాజు సీసా చోట వేలు పెట్టి.

"ఏమీ లేదక్కా. నాలుగేళ్లు ఈ ఏమీ లేకపోవడం కోసమే ఏడ్చాను."

"అంటే, నేను కడిగింది సాఫ్ ఉన్నట్టే?"

"సాఫ్‌గా ఉంది. మూడుసార్లు చూశాం."

ఆమె ఆ కాగితాన్ని ట్యూబ్‌లైటుకు అడ్డంగా ఎత్తిపట్టి, ఒక కన్ను మూసి చూసింది. తర్వాత జాగ్రత్తగా చుట్ట చుట్టింది.

"గిది నాకియ్యి బిడ్డా. ఫ్రేం కట్టించి ఇంట్ల గోడకు పెట్టుకుంట."