నయాగరాకు ఎనిమిదోసారి

నా భార్య పోయి పదకొండు నెలలయింది. పలకరించడానికి వచ్చినవాళ్ళు ఆమె గురించి మంచి మాటలే చెప్పారు. చేతి వంట గురించి చెప్పారు. ఎవరు ఏ వేళకు వచ్చినా విసుక్కోలేదని చెప్పారు. అన్నీ నిజాలే. కాని ఇరవయ్యేళ్ళకు పైగా ఆమె చేసిన పని మాట ఒక్కరూ ఎత్తలేదు. వాళ్ళను తప్పు పట్టను. అదేం పనో వాళ్ళకు తెలియదు. ఇంట్లో ఉండి నాకే చాలాకాలం తెలియలేదు. తెలిసిన రోజు గురించి రాస్తాను.

డెబ్బైల చివర మేము ఒహాయోలో, ఈరీ సరస్సు ఒడ్డున ఒక చిన్న ఊళ్ళో కాపురం పెట్టాం. నాది కార్ల విడిభాగాల ఫ్యాక్టరీలో ఇంజనీరు ఉద్యోగం. ఆమె కెమిస్ట్రీ ఎమ్మెస్సీ. ఊరికి మంచినీళ్ళిచ్చే ప్లాంటు ల్యాబ్‌లో ఆమెకు ఉద్యోగం దొరికింది. సరస్సు నీటిని తోడి, పటికతో తేర్చి, ఇసుకలో వడగట్టి, క్లోరిన్ కలిపి ఇళ్ళకు పంపుతారు. ఆమె రోజూ చేసే పరీక్షల్లో ఒకటి వాసన చూడటం. ఎండాకాలం సరస్సులో నాచు ముదిరితే నీళ్ళకు మట్టి వాసన, బూజు వాసన వస్తాయి. అది ముందుగా మనిషి ముక్కుకే తెలుస్తుంది. నీళ్ళను ఫ్లాస్కులో కాస్త వెచ్చచేసి, మూత తీసి, వాసన చూసి, ఏ వాసనో ఎంత ఉందో రాయాలి. దాన్నిబట్టి వాసన పీల్చే బొగ్గుపొడి నీళ్ళలో ఎంత కలపాలో నిర్ణయిస్తారు. అందుకని డ్యూటీ రోజున ఆమె పౌడరు రాసుకునేది కాదు, వాసన సబ్బు ముట్టేది కాదు.

తలా ఒక వంటకం తెచ్చుకుని కలిసే తెలుగువాళ్ళ పాట్‌లక్‌లలో అందరికీ ఇదొక వేడుక. "ఏవండీ, మీ ఆవిడ నీళ్ళు వాసన చూస్తారటగా! ఓసారి మా ఇంటికి పంపండి, మా కిచెన్ కొళాయి చెక్ చేస్తారు" అనేది ఒక డాక్టరు గారి భార్య. అందరూ నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. ఈమె మాత్రం "మీ ఊరి నీళ్ళు బానే ఉంటాయండీ, క్లోరినే కొంచెం ఎక్కువ వేస్తారు" అని మామూలుగా జవాబిచ్చేది.

ఎనభైల మొదట్లో ఒక వేసవికి మా మామగారు మూడు నెలలుండటానికి వచ్చారు. గోదావరి కాలవల మీద లాకుల దగ్గర ముప్పై నాలుగేళ్ళు పనిచేసి రిటైరైన మనిషి. పడవల్ని దించడం, ఏ కాలవకు ఎంత నీరు వదలాలో చూసి తలుపులు ఎత్తించడం, దించడం ఆయన ఉద్యోగం. కూతురు డాక్టరు కావాలని ఆయన కోరిక. సీటు రాలేదు. ఆయన అన్నగారి కూతుళ్ళిద్దరూ షికాగోలో డాక్టర్లు. ఈమె గురించి ఎవరడిగినా "గవర్నమెంటు ఉద్యోగం" అని చెప్పి మాట మార్చేసేవారు.

ప్లాంటు చూడటానికి రమ్మని ఆమె మూడుసార్లు పిలిచింది. మూడుసార్లూ "చూద్దాంలే అమ్మాయ్" అన్నారు. ఒకరోజు నాతో, "ఎమ్మెస్సీ చదివించింది కొళాయి నీళ్ళ దగ్గర పెట్టడానికా బాబూ?" అన్నారు. వంటింట్లో ఆమెకు వినబడింది. ఆయన ప్రయాణం పది రోజులుందనగా ఆమె నాతో, "వెళ్ళేలోపు నాన్నగారు ఒక్కసారి నా ల్యాబ్‌కి రావాలి. ఇంకేం అక్కర్లేదు" అంది.

ఆ శనివారం ఆయన్ను నయాగరా తీసుకువెళ్ళాం. ఆ రోజుల్లో ఇండియా నుంచి ఎవరొచ్చినా నయాగరా చూపించకుండా పంపితే మాటొచ్చేది. ముందురోజే పులిహోర కలిపి, పెరుగన్నంలో పాలెక్కువ పోసి, తెల్లారకముందే కారెక్కడం, అదే రెయిలింగు దగ్గర నిలబెట్టి ఫొటో తియ్యడం. మాకది ఎనిమిదోసారి. దారికి మ్యాపు అక్కర్లేదు. చూపించేటప్పుడు చెప్పే మాటలు కూడా నాకు కంఠతా వచ్చు.

జలపాతాన్ని వర్ణించను. చూసినవాళ్ళకు అక్కర్లేదు, చూడనివాళ్ళకు నా మాటలు చాలవు. మామగారు రెయిలింగు పట్టుకుని పావుగంట పైగా నిలబడ్డారు. తుంపరకు పంచె తడుస్తోంది. నేను ఎత్తెంతో, వెడల్పెంతో చెప్పుకుపోతున్నాను. ఆయన వినడం లేదు. చివరికి నా వైపు తిరిగి, "నీళ్ళు ఎవరు వదుల్తున్నారు?" అన్నారు.

నాకు నవ్వొచ్చింది. "ఎవరూ వదలరు మామయ్యగారూ! ఇది ప్రకృతి."

"కాదు బాబూ. రాళ్ళ మీద చార చూడండి. రోజూ ఎక్కి దిగే నీరు ఇది. వరదకు పడే చార ఇలా ఉండదు."

నేను మళ్ళీ నవ్వబోయాను. నా భార్య నవ్వలేదు. "ఏవండీ, ఎనిమిదిసార్లు వచ్చారు. ఒక్కసారైనా వెనక్కి తిరిగి చూశారా?" అంది. మా ఇద్దర్నీ జలపాతానికి ఎగువన ఉన్న చిన్న దీవుల మీదికి తీసుకెళ్ళింది. అక్కణ్ణుంచి చూస్తే నదిలో దూరంగా, ఆవలి ఒడ్డు వైపు నుంచి కొంత మేర, వరసగా తలుపులు. నేనెప్పుడూ చూడలేదు. అందరిలాగే జలపాతం వైపే చూసి వెళ్ళిపోయేవాణ్ణి.

"రెండు దేశాలూ ఒప్పందం రాసుకున్నాయి నాన్నగారూ. సీజన్లో పగలు జనం చూడటానికి ఇంత నీరు పడాలని. మిగతా వేళల్లో అందులో సగమే. మిగిలింది సొరంగాల్లోంచి కరెంటుకి పోతుంది."

"అంటే రెగ్యులేటరు."

"రెగ్యులేటరే."

"మరి మీ ఆయన ప్రకృతంటాడేంటే?"

"ఆయన కార్ల ఇంజనీరు కదా, వదిలెయ్యండి."

మామగారు నవ్వారు. వచ్చిన రెండున్నర నెలల్లో ఆయన అలా నవ్వడం నేను చూడలేదు. ఎగువన ఏముందని అడిగారు. ఆమె చెప్పింది. పైన నాలుగు పెద్ద సరస్సులు ఒకదానిలోంచి ఒకటి దిగి, ఈ ఒక్క నది గుండా కిందికి పోయి అయిదో సరస్సులో పడతాయి. నేల మీద నదులు, చెరువులు, సరస్సులు అన్నిట్లో ఉన్న మంచినీటిలో అయిదో వంతు ఈ సరస్సుల్లోనే ఉంది. అయితే ఏటా వానకు, మంచుకు కొత్తగా చేరేది నూటికి ఒక వంతు. మిగతాదంతా ఎప్పుడో మంచుగడ్డలు కరిగి మిగిల్చిపోయిన పాత నీరు. "పాడుచేస్తే మళ్ళీ నింపేవాళ్ళు లేరు" అంది. ఆమె అంతసేపు మాట్లాడటం అరుదు. ఈ సంగతులేవీ నాకు ఎన్నడూ చెప్పలేదు. నేనడగలేదు.

ఆ దీవుల అంచున ఒకచోట నీళ్ళు చేతికి అందుతాయి. మామగారు వంగి దోసిట్లోకి తీసుకున్నారు. నది కనబడితే ఆయన వయసువాళ్ళు చేసే పనే. నెత్తిన చల్లుకుని, మిగిలినవి నోట్లో పోసుకోబోయారు. ఆమె చెయ్యి పట్టుకుంది.

"తాగకండి నాన్నగారూ."

"గోదావరి నీళ్ళు తాగి పెరిగాను. ఇవేం చేస్తాయే నన్ను?"

"డెట్రాయిట్, క్లీవ్‌లాండ్, బఫెలో, ఇన్ని ఊళ్ళు దాటొచ్చాయి. ఫ్యాక్టరీల నీళ్ళు ఎన్ని కలిశాయో. ముందు వాసన చూడండి."

ఆయన చెయ్యి ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఆమె కూడా ఆయన చేతి మీదికి వంగి వాసన చూసింది. తండ్రీకూతుళ్ళు కళ్ళు మూసుకుని ఒకే దోసిలి మీద వంగి ఉంటే, ఫొటోలు తీసుకుంటున్న వాళ్ళు మా వైపు వింతగా చూశారు.

"నాచు" అన్నారాయన.

"అవును. ఇంకా?"

"నూనె లాంటిదేదో."

"అదే. ఈ నీళ్ళు మా ఊరి ముందునుంచి వచ్చినవే. అప్పుడు నేను చూసినవాటిలో నూనె లేదు. అది మాకు దిగువన కలిసింది."

ఆయన దోసిలి వదిలేశారు. తర్వాత నాకు కాదు, ఆమెకు చెప్పారు. ఆయన పనిచేసే రోజుల్లో ఎగువ ఊళ్ళవాళ్ళు నార కోసం గోగుకట్టలు కాలవలో ఊరేసేవారట. తెల్లారి లాకు తలుపు మీద నిలబడి గాలి పీల్చగానే తెలిసిపోయేదట. దిగువన జనం బిందెలు ముంచే వేళకు ముందే సైకిలు మీద ఎగువకు పోయి, పోట్లాడి కట్టలు తీయించేవారట. "నీకేం పోయిందయ్యా, నీ లాకు దాటితే నీ నీళ్ళు కావుగా అనేవాళ్ళే. దిగువనుండేది మనుషులు కారా మరి?" అన్నారు.

"నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్పుకునేదేముందే అందులో? ఉద్యోగం."

పులిహోర తిన్నాక, నేను సామాను కారులో సర్దుతుంటే ఆయన ఆమెను అడిగారు.

"రేపు ఆదివారం. డ్యూటీ ఉంటుందా నీకు?"

"ఆరింటికి. నీళ్ళకి ఆదివారం లేదు కదండీ."

"నేనూ వస్తా."

మర్నాడు ఇద్దర్నీ నేనే తీసుకెళ్ళి, వాళ్ళ వెనకే లోపలికి నడిచాను. ఇస్త్రీ పంచె, కోటు వేసుకున్నారాయన. పటిక బస్తాలు చూసి "ఇక్కడా ఇదేనా!" అన్నారు. ఇసుక తొట్ల పక్కన నడుస్తూ లోతెంతో, ఎన్నాళ్ళకోసారి కడుగుతారో అడిగారు. ల్యాబ్‌లో ఆమె మూడు ఫ్లాస్కులు ముందుపెట్టింది. ఏది ఏ నీరో చెప్పలేదు. ఆయన ఒక్కోటీ వాసన చూసి, రెండోది సరస్సు నీరని, మొదటిదానికి మందు పడిందని, మూడోదానికి ఏ వాసనా లేదని చెప్పారు. ఆమె తన రికార్డు పుస్తకం తిప్పి చూపించింది, అందులోనూ అదే రాసి ఉంది. ఆయన కళ్ళజోడు సర్దుకుని, ఆమె చేతిరాతలో ఉన్న ఆ వరసలన్నీ చదివారు. ఆ రోజుదే కాదు, పేజీలు వెనక్కి తిప్పి ఆ నెలంతా చదివారు. ఆమె పక్కన నిలబడి చూస్తోంది.

అప్పుడు ప్లాంటు సూపర్‌వైజరు వచ్చి చెయ్యి కలిపాడు. మీరు కూడా నీళ్ళ పనిలోనే ఉండేవారా అని అడిగాడు. మామగారు నిటారుగా నిలబడి తన ఇంగ్లీషులో జవాబు చెప్పారు.

"థర్టీ ఫోర్ ఇయర్స్, సర్." తర్వాత కూతురి వైపు చెయ్యి చూపించి, "సేమ్ డిపార్ట్‌మెంట్" అన్నారు.

ఆమె గబగబా అటు తిరిగి ఫ్లాస్కులు కడగడం మొదలుపెట్టింది. సాయంత్రం ఇంటికొచ్చాక ఆ మాట నాకు చెప్పింది. నేను అక్కడే నిలబడి విన్నానని ఆమెకు గుర్తులేదు. నేనూ గుర్తుచేయలేదు. మళ్ళీ చెప్పమన్నాను.