నిద్ర లేపకూడదని

ఇవాళ వాటర్లూ యూనివర్సిటీలో, మెడికల్ ఫిజిక్స్ ల్యాబ్‌లో అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కి జెల్ రాస్తుంటే, ఆ చల్లదనానికి, చిన్నప్పుడు మేమున్న సర్రీలోని స్కానింగ్ గది గుర్తొచ్చింది.

అప్పుడు నాకు ఐదేళ్లు. అమ్మ కడుపు మీద ప్రోబ్ ఆనించి చూస్తున్న టెక్నీషియన్ ఉన్నట్టుండి మాటలు ఆపేసి, స్క్రీన్‌ని తనవైపు తిప్పుకుంది. "డాక్టర్ ఫోన్ చేస్తారు" అని మాత్రం చెప్పింది.

"ఈజ్ బేబీ స్లీపింగ్?" అని అమ్మని అడిగాను.

"అవును నాన్నా, పడుకుంది" అంది, గోడవైపు చూస్తూ.

నిద్ర లేపకూడదని ఇంట్లో మునివేళ్ల మీద నడిచాను. అమ్మ పొట్ట తగ్గిపోయాక కూడా అలాగే నడిచాను. ఎవరూ వద్దనలేదు.

ప్రోబ్ పంపే శబ్దం కదిలే రక్తాన్ని తాకితే శ్రుతి మారి తిరిగొస్తుందని, కదలికే లేకపోతే వెళ్లింది వెళ్లినట్టే వస్తుందని ఇందాక ప్రొఫెసర్ చెప్పారు.

ప్రోబ్ తుడిచి లేచాను. మునివేళ్ల మీద నడుస్తున్నానని తలుపు దగ్గరకి వచ్చాకే తెలిసింది.