ఉస్తాద్ ఇనాయత్ కడుపుమంట

స్కాట్లాండ్ వాళ్లు చంకలో తిత్తి పెట్టుకుని ఊదే బాజాల్లో చాలావాటికి పుట్టిల్లు మా సియాల్‌కోట్. ఆ బాజాలకు గొట్టాలు చెయ్యడంలో ఉస్తాద్ ఇనాయత్‌ను మించినవాడు ఊళ్లో లేడు. గడ్డం నెరిసేదాకా లేత్ మీద చెక్క తిప్పిన మనిషి. అలాంటి మనిషికి ఆ ఏడు రొట్టె సహించలేదు. కారణం ఎదురింటి తౌకీర్.

తౌకీర్ ఆయన దగ్గరే పని నేర్చుకున్నాడు. నేర్చుకున్నవాడు ఊరుకోక సొంత షెడ్డు వేసి, పన్ను ఆఫీసులో పేరు నమోదు చేయించుకుని, ఎగుమతిదారునని బోర్డు కట్టాడు. ముందొచ్చిన చెవుల కంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు. ఆ కొమ్ములు రోజూ కళ్లెదుటే తిరుగుతుంటే చెవులకు ఎలా ఉంటుందో ఆ సామెత కట్టినవాడు చెప్పలేదు.

ఇనాయత్ మాత్రం పేరు నమోదు మాటెత్తితే మండిపడేవాడు. "ఒకసారి అక్కడ పేరెక్కితే గోరీలోకి కూడా నోటీసు పంపుతారు" అనేవాడు. ఆ భయంతోనే సరుకును బిల్లు లేకుండా పెద్ద వ్యాపారులకూ, ఈ మధ్య తౌకీర్‌కూ అమ్మేవాడు. ఆయన గొట్టాలు సముద్రాలు దాటేవి. ఆయన పేరు వీధి మలుపు దాటేది కాదు.

ఈలోగా సర్కారు తీరు మారింది. ఎగుమతి కోసం తెప్పించుకునే ఆఫ్రికా నల్లచెక్క మీద సుంకం ఎత్తేశారు. ఎగుమతిదారుకు రావలసిన పన్ను వాపసు చెప్పులరగకుండానే ఖాతాలో పడుతోంది. జర్మనీలో జరిగే వాద్యాల సంతలో దుకాణం పెట్టుకోవడానికి సగం ఖర్చు కూడా ఇచ్చారు. తౌకీర్ వెళ్లొచ్చాడు. సర్కారు పనిగట్టుకుని వాడొక్కడి కోసమే చట్టాలు రాసిందని ఇనాయత్ ఏడుపు.

వచ్చిన మర్నాడు తౌకీర్ మిఠాయి పెట్టెతో వచ్చాడు.

"ఉస్తాద్, అక్కడ ఓ దొర మీ గొట్టం ఊది ఇక వదల్లేదు. ఎవరు చేశారని అడిగాడు."

"ఏం చెప్పావు?"

"మీ పేరే చెప్పాను. వాడికి నోరు తిరగలేదు."

"నీ పేరుకి మాత్రం బాగానే తిరిగుంటుంది."

తౌకీర్ నవ్వాడు. "వచ్చే ఏడు మీరూ రండి ఉస్తాద్. పేరొకటి నమోదు చేయించుకుంటే..."

"నాకు దారి చూపించేంత వాడివయ్యావన్నమాట. టీ తాగి వెళ్లు."

వాడు వెళ్లాక భార్య జుబైదా పెట్టె విప్పింది. "మంచి పిల్లాడండీ. మీరే ఊరికే ఉడుక్కుంటారు."

"ఆ మంచితనం వాణ్ణే నంజుకోమను" అని, ఇనాయత్ రెండు బర్ఫీలు తిన్నాడు.

శుక్రవారం నమాజయ్యాక మసీదు మెట్ల దగ్గర ఓ మాట చెవిన పడింది. నమోదు లేనివాడి దగ్గర కొన్న సరుకు మీద పన్ను వాపసు రాదట. దొంగలెక్క చూపి పుచ్చుకుంటే వ్యాపారమే మూతపడుతుందట. నమోదు లేనివాడు తనే. తన గొట్టాల మీద తౌకీర్ వాపసు మింగుతున్నట్టు తేలితే వాడి బోర్డు దిగిపోతుంది. తనకూ చిక్కు తప్పదని తెలుసు. కానీ తన కన్నొకటి పోయినా ఎదుటివాడి రెండు కళ్లూ పోవాలన్నంత దూరం వచ్చేశాడు.

సోమవారం పన్ను ఆఫీసుకు వెళ్లి, సహాయ కౌంటర్‌లో ఉన్న అమ్మాయికి ఫిర్యాదు చెప్పాడు. తన సంగతి మాత్రం దాచాడు. ఆమె కంప్యూటర్‌లో చూసింది.

"చాచా, ఆ గొట్టాల మీద ఆయన వాపసు అడగనే లేదు."

"అడక్కపోవడమేంటి? వచ్చేదాన్ని ఎవడు వదులుకుంటాడు?"

"నేనూ అదే అన్నాను. అమ్మినాయన్ని నమోదు చేయించుకోమని చెప్పి బిల్లు తెండి, వాపసు వస్తుంది అని. 'మా ఉస్తాద్‌ని బిల్లు ఎలా అడుగుతానమ్మా, ఆ నష్టం నాకే ఉండనీ' అన్నాడు."

మా ఊళ్లో శిష్యుడు ఉస్తాద్‌ని బిల్లు అడిగితే గడ్డం పట్టుకు లాగినట్టే. ఇనాయత్‌కు సిగ్గేసింది. అయితే అది ఎంతోసేపు నిలవలేదు. దాని వెనకే పాత మంట ఇంకా పెద్దదై లేచింది. జర్మనీ వాడిదే, దొరలు వాడివాళ్లే, ఆఖరికి మంచితనం కూడా వాడిదేనా?

"ఇంతకీ ఆ ఉస్తాద్ ఎవరో మీకు తెలుసా చాచా?"

ఇనాయత్ గడ్డం నిమురుకున్నాడు. "నేనే."

ఆ అమ్మాయి కుర్చీ చూపించింది. "కూర్చోండి. గుర్తింపు కార్డు తెచ్చారా?"

సాయంత్రం సంగతంతా విని జుబైదా బుగ్గలు నొక్కుకుంది. "వాడి మీద ఫిర్యాదు చెయ్యడానికి వెళ్లి మీ పేరు రాయించుకొచ్చారా?"

"రాయించుకొచ్చాను. ఇకనుంచి ప్రతి గొట్టానికీ బిల్లిస్తాను. వద్దన్నా ఇస్తాను."

"పోనీలెండి, ఇన్నాళ్లకైనా వాడి మీద దయ కలిగింది."

"దయా?" అన్నాడు ఇనాయత్. "వాడు నా మీద చూపించకుండా చేద్దామని."