జానకత్త చేయి

కిరసనాయిలు వాసన ఇప్పుడు ఎవరి ఇంట్లో వస్తోంది కనుక! మొన్న కదిర్కామంలో మా కిటికీలకు రంగు వేయడానికి వచ్చినాయన పని ముగించి, పెరటి కుళాయి దగ్గర కూర్చుని చేతులకు కిరసనాయిలు రుద్దుకుంటున్నాడు. కాఫీ ఇవ్వబోయిన నేను గ్లాసు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. వాసన పడదా అమ్మా, అని తమిళంలో అడిగాడు పాపం. పడకపోవడమా! నా పదో ఏడు మొత్తం ఆ వాసనలోనే ఉంది. ఉప్పళంలో మా పాత ఇల్లు, ఆ ఇంట్లో మా మేనత్త జానకత్త.

పెళ్ళయిన రెండేళ్ళకే మొగుణ్ణి పోగొట్టుకుని అత్త అన్నగారింటికి, అంటే మా ఇంటికి వచ్చేసింది. ఒకరి అన్నం ఊరికే తినే మనిషి కాదు. ఫ్రెంచివాళ్ళుండే వైట్ టౌన్‌లో ఒక అంగడి నుంచి చంటిపిల్లల గౌన్లు తెచ్చుకుని, వాటి ఛాతీ మీద స్మాకింగ్ అనే కుచ్చిళ్ళ కుట్టు కుట్టేది. సూదితో బెజ్జాలు పొడిచిన కాగితాన్ని పల్చటి నూలుగుడ్డ వెనకవైపు పరిచి, నీలిమందు కలిపిన కిరసనాయిల్లో దూది ముంచి అద్దితే గుడ్డంతా నీలం చుక్కలు దిగేవి. ఆ చుక్కల్ని వరుసగా సూదితో ఎత్తుకుంటూ పోయి దారాలన్నీ ఒక్కసారి లాగితే మూడు జానల గుడ్డ ఒక్క జానెడు కుచ్చిళ్ళుగా ముడుచుకునేది. ఆ కుచ్చిళ్ళను రెండేసి చొప్పున రంగుదారంతో కలుపుతూ తేనెపట్టు గళ్ళు కుట్టి, చివర్లో మొదట ఎత్తిన లోపలి దారాలు ఊడలాగేస్తే, గౌను పిల్ల ఊపిరితో పాటే సాగుతూ ముడుచుకుంటూ ఉండేది. ఆ గౌన్లు ఫ్రాన్సుకు పోతాయని వీధిలో పిల్లలందరి దగ్గరా గొప్పలు పోయేదాన్ని.

ఆ ఎండాకాలం సెలవుల్లో నాకూ నేర్పమని అత్త వెంట పడ్డాను. నా బొమ్మ ఛాతీ దారంతో కొలిచి, సరిగ్గా అంతే గుడ్డ కత్తిరించి, పొద్దంతా చెమటలు కక్కుతూ కుచ్చిళ్ళు లాగితే అది నా వేలంత అయి కూర్చుంది.

"ఏంది మే ఇది, బల్లికి గౌనా?" అని అత్త కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. "మూడింతలు తీసుకోవాల."

మధ్యాహ్నం మూడయ్యేసరికి సముద్రపు గాలి మా వీధిలోకి వచ్చేది. పక్కింటి పిల్లలు అరుగు ముందు తొక్కుడుబిళ్ళ ఆడుకునేవాళ్ళు. మా అమ్మ తాటిముంజలు ఒలిచి గిన్నెలో పెడితే, జిగురుచేత్తో గుడ్డ ముట్టుకోకూడదని అత్త వాటిని నా నోట్లో పెట్టేది. నేను దారం గట్టిగా లాగినప్పుడల్లా తన చేయి నా చేతి మీద వేసి, "ఇగ్గొద్దు మే, గుడ్డకి ఊపిరాడదు" అనేది. ఆ చేయి బరువు ఇప్పటికీ నాకు తెలుసు.

అంగడి మేడం దగ్గర ఒక కట్టడి ఉండేది: ఒక గౌను ఒక్క చేతి మీదే పూర్తి కావాలి. ఒకరి బిగువు ఇంకొకరికి రాదు కదా. గౌను బల్ల మీద పరిచి బొటనవేలితో తడిమి, ఇద్దరు కుట్టారని ఇట్టే చెప్పేసేది. అలా దొరికినవాళ్ళకు మళ్ళీ పని దొరికేది కాదు.

ఐప్పసి నెల వచ్చి, దీపావళినాటి వానలు మొదలయ్యాక అత్త పని మందగించింది. మబ్బుకి కనపడటం లేదని కిటికీ దగ్గరికి జరిగి కూర్చునేది. కార్తీక దీపం నాటికి మబ్బు విడిచింది. వంటింట్లో అమ్మ బొరుగులతో పొరి ఉండలు చుడుతోంది, ఇల్లంతా బెల్లప్పాకం వాసన. అరుగు మీద ప్రమిదల్లో నూనె పోస్తున్న అత్త, ఒక ప్రమిదకు బదులు పక్కన నేల మీద పోసింది. నేను చూశాను. చూశానని ఆమెకూ తెలిసిపోయింది.

"మీ నాయనతో చెప్పొద్దు మే. పని మాన్పించేస్తాడు. పని లేకుంటే ఈ ఇంట్లో నేనెవురు?"

చెప్పలేదు. మర్నాటి నుంచి బడికి పోయేముందు పది సూదులకు దారం ఎక్కించి దిండుకు గుచ్చి పోయేదాన్ని. పగలు అత్త మడతల్ని వేళ్ళతో తడుముకుంటూ కొన్ని వరుసలు కుట్టేది, సాయంత్రం నేను వచ్చి కొన్ని కుట్టేదాన్ని. ఆమె బిగువు పట్టుబడేదాకా పాత పావడా మీద కుట్టడం, విప్పడం, మళ్ళీ కుట్టడం. ఆటల మాటే మరిచిపోయాను.

అలా ఇద్దరం కుట్టిన మొదటి గౌను మేడం ముందు పెట్టినప్పుడు నేను ఆవిడ బొటనవేలినే చూస్తూ నిలబడ్డాను. ఆవిడ తడిమి చూసి, జానకమ్మ చేయి ఎన్నేళ్ళైనా మారదు అంది. తిరిగి వస్తుంటే అత్త నా భుజం పట్టుకుని నడిచింది. "మేడం కూడా కనుక్కోలే. నా చెయ్యి నీకొచ్చేసింది పో" అంది. క్లాసులో ఫస్టు వచ్చినప్పుడు కూడా నేను అంత పొంగిపోలేదు.

మూడేళ్ళు అలాగే గడిపాం. నాన్నకు తెలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికి ఆలస్యమైపోయింది. ముందే వచ్చుంటే కొంత చూపు నిలిచేదన్నారు. అత్త ఒక్కనాడూ నన్ను ఒక్క మాట అనలేదు. నన్ను నేనే అనుకుంటూ ఉంటాను, ఇప్పటికీ. ఆ నెలలోనే అంగడి మూతపడింది. మేం పూర్తి చేసిన ఆఖరి గౌను ఇంట్లోనే ఉండిపోయింది. తర్వాత ఎప్పుడో మా అమ్మాయి తొడుక్కుంది.

అత్త పోయి రెండేళ్ళయింది. ఉప్పళంలో మా ఇల్లు పడగొట్టి మూడంతస్తులు లేపారు, అరుగు పోయింది. పిల్లల గౌన్లకు ఇప్పుడు మిషనే రబ్బరు దారంతో కుచ్చిళ్ళు పెట్టేస్తోంది. ఆమె చేత్తో కుట్టిన వరుస ఒక్కటి తాకాలనిపించి, మొన్న రంగులాయన వెళ్ళాక ఆ సాయంత్రం బీరువాలోంచి ఆ ఆఖరి గౌను తీశాను. కళ్ళజోడు పెట్టుకుని చూశాను. తిరగేసి చూశాను. కళ్ళు మూసుకుని వేళ్ళతో వెతికాను. పదకొండు వరుసలూ ఒక్కలాగే ఉన్నాయి. ఒక్క కుట్టయినా నేను తప్పు వేసి ఉంటే బాగుండేది.